బల్లి పడ్డ గడి

పదీ నలభైకి తెర మీద ఒక గడి పసుపుపచ్చగా మారింది.
లసాల్ వీధి, పద్నాలుగో అంతస్తు, ఫిబ్రవరి చివరి మంగళవారం.
కిటికీ కింద షికాగో నది
కరిగీ కరగని మంచు పలకల్ని మోసుకుపోతోంది.

రాక్‌ఫర్డ్‌లో లిఫ్టుల బ్రేకులు చేసే కంపెనీ.
రోజుకి రెండొందల కాంట్రాక్టులు దాటితే
పండగ చేసుకునే పేరు.
ఇవాళ ఒక్క పూటలో తొమ్మిది వేల పుట్‌లు.
షేరు నలభై రెండు దగ్గరుంది,
మార్చి మూడో శుక్రవారానికి ముప్పై ఐదు కిందికి జారితే తప్ప
ఇవి చిత్తుకాగితాలు.
అయినా ఎవరో
బేరమన్నా ఆడకుండా, చెప్పిన ధర పోసి కొన్నారు.

మా మేనత్త పంచాంగం వెనక పేజీల్లో
బల్లిపాటు పట్టిక ఉండేది.
ఎడమ భుజానికి ఒక ఫలం, కుడి భుజానికి ఇంకొకటి,
మోకాలికి, మడమకి, చెవికి వేరువేరు గళ్ళు.
బల్లి ఎందుకు పడిందో మాత్రం
ఏ గడిలోనూ ఉండేది కాదు.
పురుగు కోసం ఎగిరి పట్టు తప్పిందేమో.

నా ముందున్నదీ అలాంటి పట్టికే.
గోడలకి చెవులుంటాయంటారు,
ఆ చెవులకి బ్రోకరేజీ ఖాతా కూడా ఉంటుందనుకున్నాను.
బోర్డు గది తలుపు ఓరగా ఉండిపోయిందా?
ఏ వకీలు బామ్మర్దో ఫోనెత్తాడా?

పక్క కుర్చీలో కోవాల్‌చిక్.
ముప్పై ఏళ్ళు పిట్‌లో అరిచి అరిచి గొంతు అరిగిపోయినవాడు,
ఇప్పటికీ వేళ్ళతోనే మాట్లాడతాడు:
అరచేయి తనవైపుంటే కొనడం, బయటికుంటే అమ్మడం.
"అప్పట్లో కొనేవాడి మొహం కనబడేది," అన్నాడు గరగరగా,
"చంకల్లో చెమట కనబడేది.
గొడుగు కొన్నవాడికి వాన సంగతి తెలుసనుకోకు.
తడిసే చొక్కా ఉందనుకో, అంతే."

వినలేదు.
మధ్యాహ్నం ఖాతాదార్లకు పంపే నోట్‌లో రాశాను:
అసాధారణం. ఎవరికో ఏదో తెలిసినట్టుంది.
రాసింది ఇంగ్లీషులోనే,
దాక్కున్నది మాత్రం తెలుగులో,
ఆ 'ట్టు' వెనకాల.

మర్నాడు ఓపెన్ ఇంటరెస్ట్ చూశాను:
మూడొందల పదకొండు కాస్తా తొమ్మిది వేల మూడొందలు.
కొన్నది కొన్నట్టే ఉంది.
సాయంత్రానికి వదిలించుకున్న సరదా కాదు.
నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆ తర్వాత
నలభై ఒకటిన్నర. నలభై రెండు. నలభై రెండుంబావు.
పుట్ ధర నలభై ఐదు సెంట్లు, ముప్పై, పదకొండు, రెండు,
అరచేతిలో పెట్టుకున్న ఐసుముక్క.
రాక్‌ఫర్డ్‌లో షిఫ్టు సైరన్ వేళకే మోగింది.
ఎవరూ రాజీనామా చెయ్యలేదు, ఏదీ తగలబడలేదు.
మూడో శుక్రవారం, మధ్యాహ్నం మూడు:
సున్నా.

సోమవారం జోలియట్ నుంచి లొరెటా ఫోన్ చేసింది.
స్కూలు బస్సు నడుపుతుంది,
నా నోట్ చదివి నలభై కాంట్రాక్టులు కొంది.
పద్దెనిమిది వందల డాలర్లు.
తిడుతుందని కాచుకుని కూర్చున్నాను.
తిట్టలేదు.
"ఇంతకీ, వాళ్ళకేం తెలిసిందంటావు?" అంది,
నిజంగానే, సస్పెన్స్ కథలో
చివరి పేజీ చిరిగిపోయినవాళ్ళు అడిగినట్టు.

తొమ్మిది లక్షల షేర్లున్న ఏదో పింఛను నిధి
మూడు వారాలు కంటినిండా నిద్రపోదామనుకుని ఉంటుంది,
అది మీ బస్సు డ్రైవర్ల నిధే కూడా కావచ్చు—
ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది.
"తెలీదు," అన్నాను.
ఆ నెలంతటిలో నేనన్న మాటల్లో
'ట్టు' లేనిది అదొక్కటే.

ఆరింటికి లిఫ్టెక్కాను.
బొత్తాల కింద, ఎన్నేళ్ళనుంచో నా మోకాలి ఎత్తున,
ఒక ఇత్తడి పలక: ఆ కంపెనీ పేరు, రాక్‌ఫర్డ్, ఇల్లినాయి.
పద్నాలుగు. తొమ్మిది. నాలుగు.
వంగి చదువుతుండగా
కాళ్ళ కింద ఏదో మెత్తగా పట్టుకుంది,
తలుపులు తెరుచుకున్నాయి.